రాకపోకలు

విశాఖపట్నంలో మల్కాపురం, సింధియా, గాజువాక వైపు నేవీలో పనిచేసి రిటైరైన పెద్దాయన్ని పోల్చుకోవడం కష్టమేమీ కాదు. పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్ళినా బూట్లు వేసుకునే వెళ్తాడు. ఐదింటికి వస్తానన్నాడంటే ఐదు నిమిషాల ముందే గేటు బయట నిలబడి ఉంటాడు, లోపలికి మాత్రం ఐదు కొట్టాకే అడుగు పెడతాడు. వంటగది ఆయనకి గ్యాలీ, నేల డెక్కు, గోడ బల్క్‌హెడ్. తుపాను హెచ్చరిక వచ్చిందంటే టీవీ కట్టేసి బయటికొచ్చి ఆకాశం చూస్తాడు. నెల మొదటివారంలో ఆయన మీద వీధి మొత్తానికి గౌరవం పెరుగుతుంది. అది క్యాంటీన్ రమ్ము మహిమ, కాదనను.

మా వీధిలో అలాంటివాళ్ళు నలుగురైదుగురు ఉన్నా చీఫ్ గారంటే ఒక్కరే. ఇంటిపేరుతో, పేరుతో ఎవరికీ పనిలేదు. పోస్ట్‌మాన్ కూడా చీఫ్ గారి ఇల్లనే అడిగేవాడు. నేవీలో ఆయన సిగ్నల్ విభాగం మనిషి. జెండాలు, దీపాలు, చేతుల కదలికలు, ఆ తర్వాత వైర్‌లెస్. చీఫ్ యోమన్‌గా దిగారు. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన నేను ఆయనకి ‘మాస్టారు’ని. సాయంత్రాలు ఆయన అరుగు మీద కూర్చుని నేను విన్నంత చరిత్ర మా కాలేజీ చరిత్ర శాఖలో కూడా వినలేదు.

ఆయనది భీమిలి దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. క్రోధన నామ సంవత్సరం శ్రావణ పౌర్ణమి నాడు పుట్టావని వాళ్ళమ్మ చెప్పేదట. ఇంగ్లీషు లెక్కలో అది 1925 ఆగస్టు. నేవీ కాగితాల్లో మాత్రం 1929 జులై 1. ఈ నాలుగేళ్ళ తేడా కథ చెప్పమంటే ఆయనకి మహా హుషారు.

1945 మొదట్లో యుద్ధం ఇంకా నడుస్తోంది. రాయల్ ఇండియన్ నేవీకి మనుషులు కావాలి. పెద్దవాళ్ళుగా చేరితే యుద్ధం ఉన్నన్నాళ్ళే కొలువు, అయిపోయాక ఇంటికి పొమ్మంటారు. బాయ్ ఎంట్రీలో చేరితే చదువు చెప్పి, పని నేర్పి, ఏళ్ళ తరబడి ఉంచుకుంటారు. పందొమ్మిదేళ్ళవాడు బాయ్ ఎలా అవుతాడు?

"మా బళ్ళో పంతులుగారు పుణ్యాత్ముడు మాస్టారూ. ‘ఒరే, నీ ఒంటికి పదిహేనేళ్ళే కనిపిస్తున్నాయి, కాగితం చేత మాత్రం ఎక్కువెందుకు చెప్పించడం’ అని ఇరవై తొమ్మిది జులై ఒకటి అని రాసేశారు. ఆ బళ్ళో సగంమంది జులై ఒకటినే పుట్టార్లెండి."

తిండి సరిగ్గా లేని రోజులు, ఒళ్ళు ఎదగలేదు. ఉన్న నాలుగు వెంట్రుకల మీసం గీయించుకుని వెళ్ళి వరసలో నిలబడ్డారు. తీసుకున్నారు.

శిక్షణ కరాచీలో, బహదూర్ అనే ఒడ్డు మీది స్థావరంలో. ఆ మరుసటి ఏడు, 1946 ఫిబ్రవరి 18న, బొంబాయిలో తల్వార్ అనే స్థావరంలో సిగ్నల్ కుర్రాళ్ళు ఈ తిండి మేం తినమని సమ్మె కట్టారు. నాలుగు రోజులు తిరక్కుండా అది ఓడ నుంచి ఓడకి, రేవు నుంచి రేవుకి పాకిపోయింది. బ్రిటిష్ జెండాలు దించి కాంగ్రెస్ జెండా, లీగ్ జెండా, ఎర్రజెండా పక్కపక్కన ఎగరేశారు. ఆ మూడూ ఒకచోట ఎగరడం తర్వాత ఈ దేశంలో ఎవరూ చూడలేదనేవారు చీఫ్ గారు. 22న కరాచీ రేవులో హిందుస్తాన్ అనే ఓడ మీద ఒడ్డునుంచి ఫిరంగులు పేల్చారు. 23న, పటేల్ సలహా మీద, బొంబాయిలో లొంగిపోయారు. తర్వాత విచారణలు, ఏరివేతలు.

"నేనూ నినాదాలిచ్చినవాణ్ణే. వరసగా నిలబెట్టి ఒక్కొక్కణ్ణీ అడుగుతున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆఫీసరు కాగితం చూసి, పదహారేళ్ళ పిల్లాడు, వీడికేం తెలుసని రెండు తిట్టి వదిలేశాడు. పక్కనున్నవాడు నిజానికి నాకంటే ఏడాది చిన్న. వాణ్ణి ఇంటికి పంపేశారు." ఇక్కడ ఆగి చుట్ట వెలిగించేవారు. "పంతులుగారు రాసిన దొంగ తేదీకి తిండి పెట్టడమే కాదు, కాపాడ్డం కూడా తెలుసు. అప్పట్నుంచీ నేను కాగితానికి ఎదురు చెప్పలేదు మాస్టారూ. కాగితం ఏ వయసంటే ఆ వయసే."

తర్వాత క్రూయిజర్ ఢిల్లీ మీద కొన్నేళ్ళు. అది పాత బ్రిటిష్ ఓడ, మనకి రాకముందు దాని పేరు అకిలీజ్. 1939లో రివర్ ప్లేట్ దగ్గర జర్మన్ యుద్ధనౌకతో పోరాడిన మూడింట్లో ఒకటి. ఆ యుద్ధం మీద 1956లో ఇంగ్లీషువాళ్ళు సినిమా తీస్తే, అకిలీజ్ వేషం అకిలీజే వేసింది, అంటే మన ఢిల్లీ. "నేను సినిమాలో ఉన్నాను, కనపడను" అనేవారు. మనవళ్ళు ఆ సినిమా సంపాదించి, ఆపి ఆపి చూశారట, ఆయన చెప్పింది నిజమే.

ఆయన కథల్లో అందరూ అడిగి చెప్పించుకునేది మాత్రం 1971. విశాఖ బీచ్ రోడ్డులో ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం దగ్గర ఫోటో దిగని విశాఖవాసి ఉండడు. దాని వెనక కథ మాత్రం ముక్కలు ముక్కలుగానే తెలుసు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్‌ని అప్పటికే అండమాన్ వైపు దాచేశారు. కానీ అది విశాఖ పక్కనే ఉందని శత్రువు నమ్మాలి. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ చేత విక్రాంత్ వేషం వేయించారు. బజార్లో కాంట్రాక్టర్లకి ఓ పెద్ద నౌకకి సరిపడా మాంసం, కూరగాయలు పురమాయించారు. వీటికంటే చిత్రమైన ఎర ఇంకొకటి ఉంది. విక్రాంత్ మీది నావికుడు ఒకడు, తల్లికి సుస్తీగా ఉంది, ఎలా ఉందో తెలపండని పంపినట్టు ఓ ప్రైవేటు తంతి, రహస్యలిపి లేకుండా బాహాటంగా పంపించారు. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ తర్వాత ఈ సంగతులన్నీ పుస్తకంలో రాసుకున్నారు.

ఆ రోజుల్లో చీఫ్ గారి డ్యూటీ విశాఖ సిగ్నల్ గదుల్లోనే. ఆ తంతి మీ చేతిమీదుగా వెళ్ళిందా అని ఎన్నిసార్లడిగినా నవ్వేవారు తప్ప ఔననలేదు, కాదనలేదు.

"ఎవరు కొట్టారన్నది కాదు మాస్టారూ. ఆలోచన చూడండి. ఫలానా అక్షాంశంలో ఉన్నామని అబద్ధం పంపితే శత్రువు అనుమానిస్తాడు. అమ్మకి ఒంట్లో ఎలా ఉంది అని అడిగితే ఎవడైనా నమ్మేస్తాడు. ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం అడిగేవాణ్ణి ఎవడు అనుమానిస్తాడు?"

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక తీరంలో ఇళ్ళ కిటికీలు దద్దరిల్లాయి. తెల్లారేక జాలర్లకి సముద్రం మీద తేలుతూ సామాన్లు దొరికాయి. రాజ్‌పుత్ వదిలిన డెప్త్‌చార్జీలకే ఘాజీ మునిగిందని మనవాళ్ళు, లోపలే ఏదో పేలిందని వాళ్ళు. ఆ వాదం ఇప్పటికీ తెగలేదు. చీఫ్ గారిని తెగ్గొట్టమంటే ఒప్పుకునేవారు కాదు. "ఆ రాత్రి నేను రాసింది ఒక్కటే. పెద్ద శబ్దం, ఇంత టైముకి, ఈ దిక్కున. లాగ్‌బుక్కులో చూసిందీ విన్నదీ రాయాలి, అభిప్రాయం రాయకూడదు." కాసేపాగి, "తొంభైమందికి పైగా ఉన్నారందులో. వాళ్ళకీ అమ్మలుంటారు" అనేవారు.

ఆ లాగ్‌బుక్కు గురించి చెప్పాలి.

రిటైరైనా ఆయన లాగ్ రాయడం మానలేదు. కిరాణా కొట్లలో వాడే పొడుగాటి ఎర్రట్ట చిట్టా పుస్తకాలు తెచ్చుకుని, స్కేలు పెట్టి గడులు గీసుకునేవారు. తేదీ, గాలి, సముద్రం, విశేషం, చివర రాకపోకలు. తెల్లారి నాలుగింటికి లేవడం, మేడెక్కి గాలి చూడటం, దిగి రాయడం. రాకపోకలంటే ఓడల రాకపోకలు కావు, ఇంటికి వచ్చినవాళ్ళవి, వెళ్ళినవాళ్ళవి. పక్కన కూర్చున్నా లోపల ఏం రాస్తున్నారో కనపడనిచ్చేవారు కాదు. ‘అధికారులకి మాత్రమే’ అని పుస్తకం మూసేసేవారు.

ఆ అలవాటు విలువ మాకు హుద్‌హుద్ తుపాను నాడు తెలిసింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. పొద్దుటినుంచీ గాలి చెట్లనీ హోర్డింగులనీ పీకి పారేస్తోంది. మధ్యాహ్నానికి ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. గండం గడిచిందనుకుని వీధంతా బయటికొచ్చింది. కుర్రాళ్ళు ఫోన్లు తీసి ఫోటోలు మొదలెట్టారు. తొంభైకి దగ్గరపడ్డ చీఫ్ గారు విజిల్ ఊదుకుంటూ వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు. "లోపలికి పొండి. ఇది కన్ను. మనం దాని నడిమధ్యన ఉన్నాం. ఇంకాసేపట్లో గాలి అటునుంచి తిరిగి కొడుతుంది. ఇందాక గట్టిగా నిలబడిన గోడే ఇప్పుడు పడుతుంది." అన్నంత పనీ అయింది. సైకిల్ షాపువాడి రేకుల కప్పు మేం నిలబడ్డ చోటికే వచ్చి పడింది. గాలికి వీపు చేసి నిలబడితే తుపాను నడిబొడ్డు ఎడమచేతి వైపు ఉంటుందని ఆ రాత్రి దీపాల్లేని అరుగు మీద మాకు నేర్పారు. మా ఊళ్ళో పిల్లలకి ఎక్కాలకంటే ముందు నేర్పాల్సిన పాఠం అది.

ఇక సంసారం. ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. నేవీవాడి సంసారమంటే నిజానికి నేవీవాడి భార్య చేసే సంసారం. జీతంలో ఇంటి భాగం ముందే కోసి ఊరికి పంపే ఏర్పాటుండేది. చీఫ్ గారు సబ్బుకీ చుట్టకీ ఉంచుకుని మిగిలినదంతా ఆ భాగంలోనే రాయించారు. ఉత్తరాలు బొంబాయి ఫ్లీట్ మెయిల్ ఆఫీసు చిరునామాకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఓడని వెతుక్కుంటూ పోయేవి. మూడోవాణ్ణి ఆయన మొదటిసారి చూసేటప్పటికి వాడికి పది నెలలు. ఈ మీసాలాయనెవరని గుక్కపట్టి ఏడ్చాడట. 1971 యుద్ధమయ్యాక కొద్దికాలానికే నేవీ నుంచి దిగి, షిప్‌యార్డులో ఇంకో పదేళ్ళు చేశారు. నలుగురికీ చదువులు చెప్పించారు. పెద్దాయన హైదరాబాద్‌లో బ్యాంకు ఆఫీసరు. రెండో ఆయన డల్లాస్. మూడో ఆయన బెంగళూరు. కూతురు రాజమండ్రి. చీఫ్ గారి భార్య 2004లో పోయారు. అప్పట్నుంచీ వంటమనిషి, లాగ్‌బుక్కు, సాయంత్రం నేను.

పిల్లలు చెడ్డవాళ్ళు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఆదివారం ఫోన్లు వచ్చేవి. మా దగ్గరికి వచ్చేయమని నలుగురూ అడిగారు. ‘లంగరు దించేశాను, ఇంక కదల్ను’ అన్నది ఆయనే. రాకపోవడానికి కారణాలు కూడా అందరి ఇళ్ళలో ఉండేవే. సెలవు లేదు, పిల్లకి పదోతరగతి, మామగారికి ఆపరేషను.

కానీ పుట్టినరోజు చేస్తే మాత్రం వాళ్ళే చేయాలి. 2009 జులై 1న ఎనభయ్యోది. గాజువాకలో కల్యాణమండపం తీసుకుని, హోమం చేయించి, మూడొందల మందికి భోజనాలు. రెండో ఆయన అమెరికా నుంచి సకుటుంబంగా దిగాడు. 2014లో ఎనభై అయిదు, ఈసారి బీచ్ రోడ్డు హోటల్లో. 2019లో తొంభై. విక్రాంత్ ఆకారంలో కేకు, మనవలందరి నెత్తిన నావికుల తెల్లటోపీలు. ముందు రోజు అందరినీ కురుసుర దగ్గరికి తీసుకెళ్ళి జలాంతర్గామి చూపించారు. చీఫ్ గారు లోపలికి రానన్నారు. "బుద్ధున్నవాడెవడూ కావాలని నీళ్ళకింద ప్రయాణం పెట్టుకోడు. పైనున్నవాళ్ళకి సలాం కొట్టేది మేం, కిందనుంచి భయపెట్టేది వాళ్ళు" అని ఒడ్డునే ఇసకలో కుర్చీ వేయించుకున్నారు. 2024లో తొంభై అయిదు. వీధి మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీ, దాని మీద ‘95 నాటౌట్. నూరు మా కోరిక’. మా వీధికి అది ఐదేళ్ళకోసారి వచ్చే పుష్కరం. నాలుగుసార్లూ నేను మాట్లాడాను, నాలుగుసార్లూ శాలువా కప్పారు. మధ్య ఏళ్ళలో జులై 1 వస్తే ఓ అత్తం అరటిపళ్ళు పట్టుకెళ్ళి ఇచ్చి, కాఫీ తాగి వచ్చేవాణ్ణి.

కన్నవాళ్ళ వయసు ఆధార్ కార్డు చూసి చెప్పే పిల్లలున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. మా వీధి ఆడవాళ్ళు తమ కొడుకులకి ఫోన్లలో ఆ ఫోటోలు పంపి, కింద ఏమీ రాయకుండా ఊరుకునేవాళ్ళు. ఏమీ రాయకపోవడంలో ఎంత రాయచ్చో వాళ్ళకి తెలుసు.

2025 నవంబరు ఆఖర్లో, తెల్లారి నాలుగింటికి మేడ మీద దీపం వెలగలేదు. వంటమనిషి వచ్చి తలుపు తట్టి, మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. నిద్రలోనే. పక్కన బూట్లు పాలిష్ చేసి ఉన్నాయి.

మర్నాటికి నలుగురూ వచ్చారు. పాత నావికులు వచ్చి పూలగుచ్ఛం పెట్టి సెల్యూట్ చేశారు. పెద్దకర్మ నాటికి చిన్న సంచిక వేద్దాం, మీరే రాయాలి మాస్టారూ అన్నారు పిల్లలు. ఆల్బములిచ్చారు. కరాచీ, క్రూయిజర్ ఢిల్లీ, తంతి, హుద్‌హుద్ అన్నీ రాశాను. ఫోటోలకి కొదవ లేదు, నాలుగు పుట్టినరోజులవే నాలుగు ఆల్బములు.

పన్నెండో రోజు సంస్మరణ సభ బాగా జరిగింది. కూతురు మాట్లాడలేకపోయింది. రెండో ఆయన నాన్న నేర్పిన క్రమశిక్షణ గురించి చెప్పాడు. పెద్దాయన మైకు దగ్గరికొచ్చి చాలాసేపు నిలబడి, "మూడేళ్ళ ఏడు నెలలు. ఇంకో మూడేళ్ళ ఏడు నెలలు మా నాన్నగారు ఉండి ఉంటే నూరేళ్ళు నిండేవి. ఆ ఒక్కటీ చూడలేకపోయాం. మాకు ఆ లోటు ఎప్పటికీ తీరదు" అన్నాడు. గొంతు నిజంగానే పూడుకుపోయింది. తమ్ముళ్ళిద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. నా పక్కనున్నావిడ కొడుకు మోచేతి మీద పొడిచి, "విన్నావురా, నెలలతో సహా లెక్క పెట్టుకున్నాడు తండ్రి వయసు" అంది. సభలో సగం మంది ఏడ్చారు. నేనూ.

మర్నాడే ప్రయాణాలు. రెండో ఆయనకి ఢిల్లీ మీదుగా విమానం, మూడో ఆయనకి సాయంత్రం రైలు. ఇల్లు ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు, పాత సామాను మాత్రం తేలిపోయింది. మూడో కోడలు రెండు గోనెసంచులు మా గుమ్మంలో పెట్టించింది. "మామయ్యగారి పుస్తకాలండీ మాస్టారూ. అన్నీ గాలీ వాననే. చెత్తబండికి వేసేద్దామనుకున్నాం, మీకేమైనా పనికొస్తాయేమోనని..."

ఎర్రట్ట పుస్తకాలు. ఆ రాత్రి ఒక్కొక్కటీ తీసి చదవడం మొదలుపెట్టాను. అక్షరాలు తీగకి ఆరేసినట్టు వరసగా ఉన్నాయి. గాలి ఈశాన్యం, సముద్రం మామూలు, రాకపోకలు: గ్యాస్ బండవాడు. గాలి నైరుతి, సముద్రం కల్లోలం, రాకపోకలు: మాస్టారు, కాఫీ, రాజకీయం. ఇది చాలాచోట్ల ఉంది, రాజకీయం అన్నచోట కొన్నిసార్లు కింద గీత కూడా ఉంది. 2014 అక్టోబరు 12 దగ్గర: ‘కన్ను దాటింది. కప్పు మూడు రేకులు పోయాయి. ఫోన్లు లేవు. నేనున్నాను.’ 2020 ఏప్రిల్‌లో వరసగా ముప్ఫై రోజులు రాకపోకల గడిలో ‘లేవు’ అని రాసి, నెలాఖరున పక్కన బ్రాకెట్లో ‘ఈసారి ఎవరికీ లేవు’ అని చేర్చారు. ఒక్కణ్ణే పైకి నవ్వాను.

తర్వాత పుట్టినరోజులు ఎలా రాశారో చూద్దామని జులై 1లు వెతికాను.

‘01-07-2009. గాలి పడమర. సముద్రం మామూలు. విశేషం: రికార్డు ప్రకారం 80. పెన్షన్ మీద 20 శాతం అదనం మొదలు. రాకపోకలు: నలుగురూ వచ్చారు. కేకు. ఏటీఎం కార్డు పెద్దవాడు పట్టుకెళ్ళాడు.’

2010 జులై 1. ‘గాలి పడమర. వాన. పెంపు లేదు. రాకపోకలు: మాస్టారు, అరటిపళ్ళు.’ 2011, 2012, 2013 కూడా అంతే. అరటిపళ్ళు మాత్రం ఓ ఏడాది చక్రకేళి, ఓ ఏడాది కర్పూరం.

‘01-07-2014. గాలి నైరుతి. విశేషం: 85. 30 శాతం. రాకపోకలు: నలుగురూ వచ్చారు. హోటలు. పెంపు రెండోవాడికి అని నిర్ణయం.’

‘01-07-2019. గాలి నైరుతి. విశేషం: 90. 40 శాతం. రాకపోకలు: నలుగురూ, మనవలు, మొత్తం పదమూడు. కేకు ఓడ. పెంపు మూడోవాడి ఫ్లాటు వాయిదాకి. అమ్మాయి అలిగింది.’

‘01-07-2024. వాన. విశేషం: 95. 50 శాతం. రాకపోకలు: నలుగురూ, మొత్తం పదిహేడు. ఈ పెంపు అమ్మాయికి. 100కి పెన్షన్ రెట్టింపట, అల్లుడు చెప్పాడు. అందరూ నా బీపీ అడిగారు.’

ఆ నాలుగు పేజీలూ మళ్ళీ చదివాను. ఎక్కడా ఒక్క అభిప్రాయం లేదు. లాగ్ రాయాల్సిన పద్ధతిలోనే రాశారు.

ఆఖరి పుస్తకం సగమే నిండింది. ఆ యేటి వేసవి దాటి, జులై దాటి పేజీలు తిప్పుతుంటే ఒకచోట మాత్రం సిరా మారింది. ఎప్పుడూ నీలం సిరాతో రాసే మనిషి ఆ రోజుకి ఎర్ర సిరా వాడారు.

‘09-08-2025. శనివారం. శ్రావణ పౌర్ణమి. గాలి నైరుతి, పలచన. సముద్రం పోటు మీద ఉంది. విశేషం: అమ్మ లెక్క ప్రకారం నేటితో 100. రికార్డు ప్రకారం 96. పెంపు లేదు. రాకపోకలు: లేవు.’